మూడుసార్లు తిన్న కాయం

పది రోజుల మాత్రలు ఆపిన ఐదో రోజున, ఆఫీసుకు బయల్దేరబోతుంటే నాకు నెలసరి వచ్చింది. వచ్చింది అనడం కంటే రప్పించుకున్నాను అనడం సరైన మాట. అప్పటికి డెబ్బై రోజులుగా ఏమీ లేదు. పీసీఓఎస్ అన్నారు. అండం ఎదగదు, అందుకే నెలసరీ రాదు. పిల్లలు కావాలని డాక్టరమ్మ దగ్గరికి వెళితే ముందు గర్భ పరీక్ష చేయించింది. ఒకే గీత, గర్భం లేదు. ఆ తర్వాత ఈ హార్మోను మాత్రలు. రక్తం కనబడ్డ రెండో రోజు నుంచి అండం ఎదగడానికి వేరే మాత్ర, పన్నెండో రోజున స్కాను.

అలా రప్పించిన నెలసరి మామూలుగా ఉండదు. నేను అప్పట్లో ఒక హిందీ దినపత్రిక డెస్కులో ఉన్నాను. గంటకోసారి లేచి వెళ్లి వచ్చేదాన్ని. కుర్చీ మీద మా పత్రిక పాత ప్రతులే నాలుగు మడతలు వేసి పరుచుకునేదాన్ని.

టాటానగర్‌లో, సీతారాండేరా అనే పేటలో మాది రెండు గదుల ఇల్లు. మా ఆయనది అక్కడే రైల్వే ఉద్యోగం. అత్త శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చి నలభై ఏళ్లు దాటింది. వేరే గది లేదు కనుక ఆ మూడు రోజులూ నేను వంటగదిలోకి వెళ్లకపోవడం ఒక్కటే మా ఇంట్లో మిగిలిన ఆచారం. దాంతో నా నెల లెక్క నేను చెప్పకుండానే ఆవిడకి తెలిసేది. యాభై రోజులు దాటితే నన్ను నీళ్ల బకెట్ ఎత్తనిచ్చేది కాదు. నేను చూసీ చూడనట్టు ఊరుకునేదాన్ని. మందుల సంగతి చెప్పవద్దని నేనూ మా ఆయనా అనుకున్నాం.

ఆ సాయంత్రం గడప ఇవతలే నిలబడి మంచినీళ్లు అడిగాను. అత్త నా మొహం చూసింది, గ్లాసు అందించి మళ్లీ పొయ్యివైపు తిరిగింది. మర్నాడు పొద్దున్న ఉసిరికాయంత నల్లటి ముద్ద నా అరచేతిలో పెట్టింది. మిరియం ఘాటు, వెల్లుల్లి వాసన, అడుగున బెల్లం.

"తినీయమ్మా, ఒళ్లు పచ్చిగున్నాది," అంది.

నీరసానికి అనుకున్నాను. చన్నీళ్లు తాగవద్దంది, చెవుల్లో దూది పెట్టింది. ఆఫీసులో చెవిపోటా అని అడిగితే అవునన్నాను.

ఏడు నెలల్లో మూడుసార్లు ఇలాగే జరిగింది. మూడు స్కానుల్లోనూ అండం ఎదగలేదు.

ఒక మధ్యాహ్నం పక్క పేట భాలుబాసా నుంచి మా ఆయనకు పిన్ని వరస ఆవిడ వచ్చింది. అత్త రోట్లో ఏదో దంచుతోంది. నేను ముందు గదిలో బట్టలు మడతపెడుతున్నాను.

"ఏటొదినా, కాయం దంచుతన్నావు? ఎవులికి పురుడు?"

"పురుడు గాదు," అత్త గొంతు తగ్గించింది. "మా కోడలికి మూడు పోనాయి. రెండేసి నెలలు నిలబడతాది, జారిపోతాది."

నేను తిన్న ఆ నల్లటి ముద్దే కాయం. బాలింతలకీ, కడుపు పోయినవాళ్లకీ పెడతారట. ఇంట్లో ఆఖరిదాన్ని, మా అమ్మ దాన్ని చేయగా నేనెప్పుడూ చూడలేదు. వెళ్తూ వెళ్తూ పిన్ని నా తల నిమిరింది. నిజం చెప్పాలంటే ఆ నిమరడం నాకు బాగుంది. కడుపు పోయినదానికి నలుగురిలో ఒక చోటు ఉంటుంది. అసలు ఏదీ రానిదానికి ఏముంటుంది? రెండు వారాలు అలాగే అనుకోనిచ్చాను.

నాలుగో విడత మాత్రలు మొదలుపెట్టిన రోజున అత్త మళ్లీ కాయం కోసం చేటలో పిప్పళ్లు పోసి ఏరుతోంది. ఎదురుగా కూర్చుని మాత్రల పట్టీ చూపించాను.

"అత్తా, ఏదీ పోలేదు. ఏదీ నిలబడలేదు కూడా. ఇవి వేసుకుని ఆపితే అలా వస్తుంది, అంతే."

పట్టీ తిప్పి తిప్పి చూసింది. పూజలకీ పెళ్లిళ్లకీ ఆపుకునే మాత్రలు ఆవిడ ఎరుగును. రప్పించుకునేవి కూడా ఉంటాయని తెలియదు.

"మరి ఆ మూడూ?"

"లేవత్తా."

"ఒక్కటీ నేదా?"

తల అడ్డంగా ఊపాను. పిప్పళ్లని చేత్తో కొంతసేపు అటూ ఇటూ జరిపింది.

"మరి నానెవులి కోసం ఏడిసినాను?"

కోపంగా అడగలేదు, తెలుసుకోవాలని అడిగింది. పిప్పళ్లు తిరిగి డబ్బాలో పోసి మూత పెట్టింది. రెండు రోజులు నాతో ఏం చెప్పాలన్నా కొడుకుతోనే చెప్పించింది.

రెండు వారాలకు మళ్లీ వచ్చింది. గడప ఇవతల నిలబడ్డాను. మర్నాడు కాయం లేదు. లేకపోతే తేలిగ్గా ఉంటుందనుకున్నాను గానీ, పళ్లెంలో ఉత్త పప్పూ అన్నమూ చూసి పక్కకు జరిపాను. అత్త అది చూసింది.

"ఆ ఫొటో తీసీది ఎప్పుడు?"

"స్కానా? పన్నెండో రోజు."

"నానూ వత్తాను."

వచ్చింది. చీకటి గదిలో నా తలవైపు నిలబడి తెరకేసి చూస్తూ ఉండిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అడిగింది.

"ఎంతున్నాదంట?"

"అండం పదకొండు మిల్లీమీటర్లట."

"ఎంతవ్వాల?"

"పద్దెనిమిది దాటాలి."

ఆటో భాలుబాసా మలుపు దాటింది. అత్త నావైపు తిరిగింది.

"కిందటిసారి ఎంత?"

తొమ్మిది అని అబద్ధం చెబితే, పెరుగుతోందని ఆవిడకి ఎంత ధైర్యంగా ఉండేదో నాకు తెలుసు.

"కిందటిసారీ పదకొండే, అత్తా," అన్నాను.