ప్లగ్గు పట్టుకున్న మనిషి

మార్కాపురం బస్టాండు వెనక సందులో కరుణాకరం రిపేరు దుకాణానికి ఒక నియమం ఉండేది. మిక్సీ అయినా టీవీ అయినా, విప్పేముందు ప్లగ్గు పీకి ఎవరో ఒకరి చేతిలో పెట్టాలి. పని అయ్యేదాకా ఆ మనిషి దాన్ని వదలకూడదు. ఒకప్పుడు పుల్లలచెరువులో మోటారు బాగుచేస్తుంటే ఎవరో తెలియక స్విచ్చి వేసి కరుణాకరం జతగాడు ఏబేలు ప్రాణం తీశారు. అప్పటినుంచీ ఇదే పద్ధతి. ప్లగ్గు పట్టుకుని బుద్ధిమంతుల్లా కూర్చున్న పెద్దమనుషులను చూసి సందులో జనం నవ్వేవాళ్లు. నవ్వితే నవ్వనీ, ముప్పై ఏళ్లలో ఆ దుకాణంలో ఎవరికీ చిన్న షాకైనా తగల్లేదు.

ఎక్కువసార్లు ప్లగ్గు పట్టేది అతని భార్య జీవరత్నమే. ఒళ్లో చేటెడు బియ్యం, చేతిలో ప్లగ్గు. అట్లాగే సగం కాపురం గడిచిపోయింది.

మొన్న వేసవిలో ఒక బేకరీవాళ్లు మైక్రోవేవ్ ఓవెన్ తెచ్చి పడేసి వెళ్లారు. అలాంటిది విప్పడం కరుణాకరానికి అదే మొదలు. కప్పుతో నీళ్లు పెట్టి ఆన్ చేశాడు. లైటు వెలిగింది, పళ్లెం తిరిగింది, ఫ్యాను మోగింది. నీళ్లు మాత్రం చల్లగానే ఉన్నాయి.

"ఎదురు దుకాణం శ్రీనును ఒక మాట అడగరాదా? ఒంగోల్లో ఇయ్యే నేర్చుకున్నాడంట," అంది జీవరత్నం.

"నిన్నగాక మొన్న వచ్చినోణ్ణి నేను అడగాల్నా? ప్లగ్గు పట్టుకో."

చేతిలో పనున్నవాడికి ఆమాత్రం పొగరు ఉంటుంది. ప్రాణం మీదికి తెచ్చుకునేంత ఉండకూడదు.

ప్లగ్గు ఆమె చేతిలో పెట్టి, పైరేకు విప్పి, లోపల చెయ్యి పెట్టాడు. అరుపైనా లేకుండా వెనక్కి పడ్డాడు. ఆమె ప్లగ్గు వదిలేసి మొగుడి మీద పడింది. ఆస్పత్రికి చేర్చేసరికే అయిపోయిందన్నారు.

"నువ్వు ప్లగ్గు పెట్టకపోతే కరెంటు ఎట్ల వస్తాది?" అంది ఆడబిడ్డ రెబెకా, శవం పక్కనే. జీవరత్నానికీ అదే భయం పట్టుకుంది. కునుకు పట్టిందా? తెలియకుండా పెట్టేసిందా? తన చేతిని తనే నమ్మలేక తిండి మానేసింది.

వారానికి శ్రీనును పిలిచి అడిగింది. అతను తల దించుకుని చెప్పాడు. "నీ తప్పు కాదత్తా. దాంట్లో కెపాసిటరని ఒకటుంటాది. ప్లగ్గు పీకినా కరెంటు దాంట్లో నిలబడుంటాది. ముందు దాన్ని ఖాళీ చేసినాకే చెయ్యి పెట్టాల. మామకు తెలీదు."

గుండె మీది బండ దిగింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. సందు దాటితే చెప్పేవాడున్నాడే, ఒక్క మాట అడగలేకపోయాడే! చచ్చినవాణ్ణి తిడుతూ ఏడ్చింది.

పోయినవాణ్ణి తలుచుకుని ప్రార్థన చేసే ఆదరణ కూటానికి ఊళ్లో మెకానిక్కులంతా వచ్చారు. సగంమంది కరుణాకరం దగ్గర పని నేర్చినవాళ్లే. పనిలో ఆయన్ని మించినవాడు లేడని పాస్టరు అంటే అందరూ తలలూపారు. రెబెకా లేచింది.

"అంత పనోడు ఎట్ల పోయినాడు? ప్లగ్గు పెట్టినావా లేదా, అందరి ముందర చెప్పు."

ఆయనకు ఆ పని తెలీదు అంటే చాలు, నింద పోతుంది. దాంతోబాటే ఆయన పేరూ పోతుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది. శ్రీను లేవబోయాడు. వద్దని కళ్లతోనే ఆపింది జీవరత్నం.

"పెట్టినా వదినా," అంది.