పదో గీత

మా ఇంట్లో బట్టల బీరువా అడుగు అరలో, పాత శాలువా కింద, చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేమ్ ఒకటి ఉంది. అందులో ఒక మే నెల మధ్యాహ్నపు ఎండ నిండుగా ఉంది. మాట సొగసు కోసం ఇలా రాయడం లేదు. అది నిజంగానే ఎండను పట్టి దాచుకునే ఆట. ఆ రోజు ఎండ తగిలే మా తాత పోయాడు. ఆయన ఎండలోకి ఎందుకు వెళ్లాడో మా ఇంట్లో అందరూ తమకు తెలుసనే అనుకుంటారు. అసలు సంగతి తెలిసినవాళ్లం ఇద్దరమే. ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. నాకు పన్నెండేళ్లు. గల్ఫ్‌లో పనిచేసే మా మేనమామ సెలవు మీద వచ్చినప్పుడు దాన్ని తెచ్చాడు. ఎవరో వాడి వదిలేసింది, అంచులు అరిగి ఉన్నాయి. దానితో ఒకే ఒక్క క్యాసెట్. డబ్బా మీదా, తెర మీదా అన్నీ జపాను అక్షరాలే.

"చదువరాదు గదా మామా, ఎట్ల ఆడాలె?" అని అడిగాను.

"బొమ్మలున్నయి గదా. అక్షరాలతోని నీకేం పని?" అన్నాడు.

అలా చదవడం రాని ఆటను చూసి చూసి నేర్చుకున్నాను. చీకటి ఊరు ఒకటి. చేతిలో దీపంతో ఒక ఆడమనిషి సందుల్లో నడుస్తూ ఉంటుంది. మూసిన తలుపుల మీద దీపపు వెలుగు వేస్తే అవి తెరుచుకుంటాయి. ఒక్కో తలుపు వెనక ఒక్కో సందు. ఆమె వెనకాల, కాస్త దూరంలో, నల్లటిది ఒకటి వస్తూ ఉంటుంది. దానికి ముఖం లేదు. అది పరుగెత్తదు, మీద పడదు. ఊరికే వస్తుంది, అంతే.

తెర పక్కన దీపానికి పది గీతలు ఉండేవి. తలుపు తెరిచిన ప్రతిసారీ ఒక గీత ఆరిపోతుంది. అన్నీ ఆరిపోయాక ఏం చేయాలో తెలియక వారం రోజులు తల బాదుకున్నాను. చివరికి ఒకరోజు విసుగొచ్చి దాన్ని పిట్టగోడ మీద పడేసి స్నానానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి టింగుమని మోగుతోంది, మూడు గీతలు వెలిగి ఉన్నాయి. క్యాసెట్ నెత్తిన పెసరగింజంత గాజు ఉంది. ఎండ దాని మీద పడింది. నమ్మకం కుదరక టార్చిలైటు పెట్టి చూశాను, ట్యూబులైటు కింద పెట్టాను, కరెంటు పోయినప్పుడు కొవ్వొత్తి దగ్గర పెట్టాను. దేనికీ కదల్లేదు. దానికి ఎండే కావాలి. ఎవరూ చెప్పకుండా కనిపెట్టినందుకు ఎంత గర్వపడ్డానో చెప్పలేను. స్కూల్లో వచ్చిన ఏ మార్కులూ నాకు అంత సంతోషం ఇవ్వలేదు.

ఆ తర్వాత తెలిసిన రెండో సంగతి అంత సంతోషపెట్టలేదు. ఆట కట్టేసి పెట్టినా ఆ నల్లది నడుస్తూనే ఉంటుంది. క్యాసెట్ లోపల గడియారం ఏదో ఉన్నట్టుంది. రోజుకొక అడుగు. పొద్దున్నే తెరిస్తే నిన్నటికన్నా దగ్గరగా నిలబడి ఉంటుంది. మనం అన్నం తింటున్నా, నిద్రపోతున్నా, ప్రార్థన చేస్తున్నా అది వస్తూనే ఉందన్న మాట. దీపంలో పది గీతలూ నిండితేనే అది ఊరి బయటికి పోతుందని డబ్బా మీద బొమ్మ ఉంది. నాకు ఎన్నడూ ఏడెనిమిది దాటలేదు.

వేసవి సెలవులు రాగానే ఖమ్మం నుంచి నన్ను తాత దగ్గరికి పంపేవాళ్లు. పాల్వంచ దాటి భద్రాచలం వెళ్లే దారిలో, అడవి అంచున ఉన్న చిన్న పల్లె. సాయంత్రం దాటాక అడవిలోంచి ఎవరు వచ్చారు, ఎవరింట్లో తిన్నారు అని ఎవరూ ఎవర్నీ అడగని రోజులవి. అందరూ చీకటికే భయపడేవారు. నాకు మాత్రం ఆ ఊరి మధ్యాహ్నం ఎక్కువ భయంగా ఉండేది. పన్నెండు దాటితే కుక్క కూడా కనిపించదు. తలుపులన్నీ మూసి ఉంటాయి. ఆ ఆటలోని ఊరు అచ్చం మా తాత ఊరే అనిపించేది, చీకటికి బదులు ఎండ.

తాత తునికాకు కల్లేదారు. తునికాకు అంటే బీడీలు చుట్టే ఆకు. ఎండాకాలంలో కోయ ఆడవాళ్లు తెల్లవారకముందే అడవికి పోయి, పది గంటలలోపు ఆకుతో దిగేవారు. నీడన కూర్చుని వాళ్ల భాషలో మాట్లాడుకుంటూ యాభై ఆకులకొక కట్ట చొప్పున కట్టేవారు. ఆ కట్టలను ఊరి బయట చదును చేసిన నేల మీద వరసలుగా పరిచి ఆరబెడతారు. అదే కల్లం. దాన్ని చూసుకోవడం తాత పని. ఆకు మీద ఒక్క చినుకు పడినా మచ్చ వస్తుంది, మచ్చ వస్తే పనికిరాదు. అందుకే మబ్బు కనిపిస్తే తాతను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు.

అంతకు ముందటి ఏడాది అలాగే పరుగెత్తి వడదెబ్బ తగిలి పడిపోయాడు. దవాఖానాలో నాలుగు రోజులు ఉన్నాడు. "ఈసారికి బయటపడ్డడు. మళ్లీ తగిలితే మాత్రం నా చేతుల్ల లేదు," అన్నాడు డాక్టరు. నాన్న ఖమ్మంలో ల్యాబ్ టెక్నీషియన్. ఎప్పుడూ గట్టిగా మాట్లాడనివాడు, ఆ రోజు తాత మంచం పక్కన నిలబడి, పన్నెండు నుంచి నాలుగు దాకా గడప దాటనని మాట తీసుకున్నాడు. తాత ఆ మాట నిలబెట్టుకున్నాడు. దానికి తోడు చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఉల్లిగడ్డ పెట్టుకునేవాడు. ఉల్లిగడ్డ దగ్గరుంటే ఎండ మనిషిని ముట్టుకోదని ఆ ఊళ్లో అందరి నమ్మకం.

తాత చర్చిలో పెద్ద. ఆదివారం వాక్యం చదివేది ఆయనే. జేబు ఉబ్బెత్తుగా ఉండటం చూసి పాస్టరుగారు ఆటపట్టించేవారు.

"ఏంది పెద్దాయనా, బైబిలు మీద కన్నా ఉల్లిగడ్డ మీద ఎక్కువ నమ్మకమున్నట్టున్నది?"

"ఇది మొక్కు గాదయ్యగారూ, మందు," అనేవాడు తాత ఏమాత్రం తడుముకోకుండా.

నేను ఆడుతుంటే తాత పక్కనే కూర్చుని చూసేవాడు. ఇంకెవరికీ ఆ ఆట పట్టలేదు. ఆయనకు మాత్రం ఎండతో నడిచే వస్తువంటే గౌరవం.

"ఆమె ఎనక వచ్చేది ఎవరు పిల్లా?"

"ఏమో తాతా. ఎప్పుడూ వస్తనే ఉంటది."

"మరి ఆమె ఒక్కపాలి గూడ ఎనక్కి తిరిగి సూడదేంది?"

"అట్ల సూసే బటన్ లేదు తాతా."

"గట్ల ఎట్ల జేసిండ్రు," అని నిజంగానే బాధపడ్డాడు. క్యాసెట్ నెత్తిన గాజును వేలితో తుడిచి, "దానికి కావల్సింది ఎండే గదా. మనకాడ దానికేం కొదవ!" అన్నాడు.

ఆ ఏడు మే నెలలో మూడు రోజులు మబ్బు పట్టింది. కల్లం మీద ఆకు కోసం తాత కిటికీ దగ్గర నుంచి కదల్లేదు. నేను ఆట కోసం కదల్లేదు. దీపంలో రెండు గీతలు మిగిలాయి. నల్లది ఎంత దగ్గరికి వచ్చిందంటే దాని నీడ ఆమె చీర అంచు మీద పడుతోంది. అది చీర కాదు, జపాను బట్టలేవో, నాకు చీరలాగే కనిపించేది. ఇంకొక్క రోజు, మహా అయితే రెండు రోజులు. ఆమెకేమైనా అయితే తప్పు నాదేనన్న భయం పట్టుకుంది. అన్నం సయించలేదు. పన్నెండేళ్ల పిల్లకు అంత పిచ్చి ఏమిటని ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

నాలుగో రోజు మబ్బు విడిచింది. మూడు రోజుల బాకీ తీర్చుకుంటున్నట్టు ఎండ విరుచుకుపడింది. పదో గీత నిండాలంటే నడినెత్తి ఎండ కావాలని నాకప్పటికే అర్థమైంది. ఆట చేసినవాళ్లు ఏ చల్లటి దేశంలోనో కూర్చుని, ఎండంటే మంచిదనుకుని చేసి ఉంటారు. మా ఎండను వాళ్లు చూసి ఉండరు.

అన్నాలయ్యాక నాయనమ్మ లోపలి గదిలో పడుకుంది. తాత వసారాలో నులకమంచం మీద నిద్రపోతున్నాడు. చొక్కా మేకుకు వేలాడుతోంది. బయటికి పోవాలంటే నాకూ ఉల్లిగడ్డ ఉండాలి. ఉల్లిగడ్డల బుట్ట నాయనమ్మ పడుకున్న గదిలో ఉంది. తాత ఎలాగూ నాలుగు దాకా లేవడు, లేచినా గడప దాటడు. అందుకని ఆయన జేబులోది తీసి నా గౌను జేబులో వేసుకున్నాను. దొంగతనం చేశానని కూడా అనిపించలేదు. వచ్చాక మళ్లీ పెట్టేద్దామనుకున్నాను.

ఇంటి ముందు నిలబడితే తాత చూస్తాడని కల్లం దాకా వెళ్లాను. కాళ్లకు చెప్పులున్నా నేల కాలింది. కల్లం మీద ఒక్క మనిషి లేడు. వరసలు వరసలుగా కట్టలు, ఆరుతున్న ఆకు వాసన, ఎక్కడా చప్పుడు లేదు. ఆకు నింపిన బస్తాలు ఒక పక్కన గుట్టగా పేర్చి ఉన్నాయి. వాటి పక్కన నిలబడి క్యాసెట్ గాజును సూర్యుడి వైపు తిప్పాను.

నాలుగు గీతలు. ఆరు. ఎనిమిది. తల లోపల ఏదో కొట్టుకుంటోంది. నోరు పిడచగట్టింది. జేబులో ఉల్లిగడ్డను గట్టిగా పట్టుకున్నాను. తొమ్మిదో గీత వెలిగాక తెర మీద ఎర్రటి అక్షరాలు ఏవో వచ్చి ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. అంతకు ముందెప్పుడూ చూడలేదు. వాటిని ఇంతవరకూ నేను ఎవరితోనూ చదివించుకోలేదు. ఏముంటుందో అని భయం.

అప్పుడే దారి వైపు నుంచి తాత గొంతు వినిపించింది.

"ఓ పిల్లా! యాడున్నవే?"

చప్పున బస్తాల వెనక కూర్చున్నాను. చెయ్యి మాత్రం ఎండలోనే పెట్టి ఉంచాను. పదో గీత మినుకుమినుకుమంటోంది. ఇంకొక్క నిమిషం. తాత మళ్లీ పిలిచాడు. ఈసారి గొంతులో కోపం లేదు, ఆయాసం ఉంది. నాకది తెలిసింది. తెలిసీ పలకలేదు. పలికితే చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కుపోతాడు, గీత నిండదు.

టింగుమంది. పదీ నిండాయి. నల్లది వెనక్కి వెనక్కి నడుచుకుంటూ తెర అంచు దాటి పోయింది. దీపం పట్టుకున్న ఆమె ఆ సందులో ఒక్కతే నిలబడింది. నేను లేచి, తాతకు ఎదురుపడకుండా, వెనక వాగు దారిన ఇంటికి పరుగెత్తాను. నాయనమ్మ ఇంకా నిద్రలోనే ఉంది. మంచం ఖాళీగా ఉంది. మేకుకు చొక్కా లేదు. కుండలో నీళ్లు రెండు గ్లాసులు తాగి చాప మీద పడుకున్నాను. తాత వచ్చి తిడతాడని ఎదురుచూస్తూ నిద్రపోయాను.

మూడు దాటాక కల్లం దగ్గరికి వచ్చిన ఆడవాళ్లు ఆయన్ను చూశారు. బస్తాల పక్కనే పడి ఉన్నాడట. ఒళ్లు కాలిపోతోందట, చెమట లేదట. జీపులో దవాఖానాకు తీసుకుపోయారు. సాయంత్రానికల్లా ఖమ్మం నుంచి నాన్న వచ్చాడు. తడిబట్టలు, ఐసు, సెలైను. తాత కళ్లు తెరిచింది ఒక్కసారే, మర్నాడు పొద్దున. నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాను. ఆయనకు కనిపించలేదు.

"పిల్ల ఇంటికొచ్చిందా?" అన్నాడు.

నాన్న వంగి, "పిల్ల ఇంట్లనే ఉండె నాన్నా. ఎటు పోలే. నువ్వు పడుకో," అన్నాడు. తర్వాత మా వైపు తిరిగి, "మతి తప్పింది, ఏదేదో మాట్లాడుతుండు," అన్నాడు. తాత నాన్న ముఖంలోకే చూస్తూ ఉండిపోయాడు. ఆయన ఆ మాట నమ్మాడో లేదో నాకు తెలియదు. మూడో రోజు పోయాడు.

ఆకు కోసమే పోయాడని అందరూ అన్నారు. మబ్బులు విడిచాక కట్టలు తిరగేయకుండా ఉండలేకపోయాడన్నారు. నాన్న ఆ మాటే పట్టుకున్నాడు. "నాకిచ్చిన మాటకన్న ఆకే ఎక్కువైంది," అని సమాధి దగ్గర కోపంతో ఏడ్చాడు. నేను ఆయన పక్కనే నిలబడి విన్నాను.

నా గౌను ఉతకబోతూ దాని జేబులో ఉల్లిగడ్డ చూసింది నాయనమ్మ. వాడిపోయి మెత్తబడి ఉంది. నన్ను పెరట్లోకి పిలిచింది. నేను నోరు తెరవబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"మీ నాయనకు చెప్పకు," అంది. "నాకు గూడ చెప్పకు."

అంతే. ఆ తర్వాత ఆ సంగతి ఎత్తలేదు. కానీ బతికున్నన్నాళ్లూ, ఎండాకాలంలో నేను ఎక్కడికి బయల్దేరినా, నా సంచిలో ఒక ఉల్లిగడ్డ వేసేది. ఉల్లిగడ్డతో ఎండ ఆగదని నాకు తెలుసు. తాత పోయింది ఉల్లిగడ్డ లేక కాదనీ తెలుసు. పిలిస్తే నేను పలకనందుకు పోయాడు.

ఆటను మళ్లీ ఒక్కసారే తెరిచాను. పది గీతలూ అలాగే ఉన్నాయి. ఆ దీపం నిండుగా ఉన్నంతకాలం నల్లది రాదు. ఆమె ఒక్క తలుపు తెరిచినా ఆ రోజు ఎండలోంచి ఒక గీత పోతుంది. కట్టేసి శాలువా కింద పెట్టాను.

నాయనమ్మ పోయి రెండేళ్లయింది. ఈ ఏడు కూడా తాత జ్ఞాపకార్థ కూడికలో నాన్న లేచి అదే సాక్ష్యం చెప్పాడు, తండ్రి తనకిచ్చిన మాట ఆకు కోసం తప్పాడని, అయినా క్షమించానని. డెబ్బై దగ్గరపడుతున్న మనిషి, ఆ మాట దగ్గరికి వచ్చేసరికి ఇప్పటికీ కళ్లద్దాలు తీసి తుడుచుకుంటాడు. నేను రాసింది ఏదైనా ఆయన పెన్సిల్ పట్టుకుని చదువుతాడు, తప్పులు దిద్ది పంపుతాడు. ఇదీ చదువుతాడు.

నాన్నా, తాత నీకిచ్చిన మాట ఆకు కోసం తప్పలేదు. మతి తప్పి మాట్లాడలేదు. ఆ మధ్యాహ్నం పిల్ల ఇంట్లో లేదు.