కాల్చకముందు ఏముండె?

మా చర్మం డాక్టరమ్మ పోయిందని మదనపల్లె ఆస్పత్రి నర్సమ్మ ఫోన్ చేసి చెప్పింది. నాకు ఏడుపు రాలేదు. ఇక నన్ను మొహం మీద అడిగేవాళ్ళు ఎవరూ లేరనిపించింది, కాస్త ఊపిరాడినట్టు కూడా అనిపించింది. పోయిన మనిషి గురించి ఇట్లా రాయకూడదంటారు. ఆమె బతికుండి, నేను తియ్యతియ్యగా రాసుంటే, ఆ కాగితం నా ముందే చించేసేది.

తొంభైల్లో నా కొడుకును ఎత్తుకుని మొదటిసారి ఆమె దగ్గరికి పోయాను. మాది కురబలకోట పక్క పల్లె. చంటిబిడ్డ ఉన్నట్టుండి తల ముందుకు వాల్చి, చేతులు చాపి, ముడుచుకుపోయేవాడు. అవి మూర్ఛలని మాకప్పుడు తెలీదు. గాలి సోకిందని మా అత్త వాణ్ణి పుంగనూరు తీసుకుపోయి వాతలు పెట్టించింది. వాడి పొట్ట మీద పుట్టుకతోనే తెల్లమచ్చలు ఉండేవి. రోగం దూరిన చోటు అదేనని, కాల్చిన కడ్డీ సరిగ్గా వాటి మీదే ఆనించారు. మా వైపు అది వాడుకే. మచ్చ ఎక్కడో, వాత అక్కడ.

డాక్టరమ్మ బిడ్డ చొక్కా ఎత్తి చూసింది. తిట్టలేదు. "కాల్చకముందు ఈడ ఏముండె?" అని అడిగింది.

వేపాకంత తెల్లమచ్చ ఉండేదని నా వెంట వచ్చిన మా అత్త చెప్పింది. అప్పుడామె కిటికీ తెరలు లాగి, ఊదారంగు వెలుతురిచ్చే లైటు పట్టుకుని వాడి ఒళ్ళంతా వెతికింది. కాలకుండా మిగిలిన మచ్చ ఒకటి నడుము దగ్గర తెల్లగా మెరిసింది.

"ఇట్లాంటి మచ్చలుండే బిడ్డలకు మెదడులో గడ్డలుంటాయి. వీనికీ ఉండాయి. వీడు మాట్లాడడమ్మా," అనింది. "ఇంకో డాక్టరుకు సూపించుకో. ఆయన కొంచెం మెల్లగా చెప్తాడు. అంతే తేడా."

ఆ ఒక్క మాటకు ఆమెను ఏళ్ళ తరబడి ద్వేషించాను. తిట్టుకుంటూనే మందుల కోసం ఆమె దగ్గరికే పోయేదాన్ని. పోయిన ప్రతిసారీ ఒకటి గమనించేదాన్ని. బిడ్డను ముట్టుకునే ముందు రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చచేసుకునేది. బిడ్డలకు చల్లటి చెయ్యి తగలనిచ్చేది కాదు. తల్లుల మీద మాత్రం ఆ దయ లేదు.

కడుపులో బిడ్డ రూపు కట్టుకునేటప్పుడు చర్మమూ మెదడూ ఒకే పొరలోంచి విడిపోతాయట. లోపల జరిగిన పొరపాటు పైన కూడా కొంచెం కనబడుతుందట. ఇది తాను కనిపెట్టింది కాదని ఆమే చెప్పేది. ఆమె పట్టుకున్నది వేరే. ఆ గుర్తును మా ఊళ్ళల్లో మేమే కాల్చేసుకుంటున్నాం. మిగతా డాక్టర్లు వాతను చూసి, బుద్ధిలేని జనమని నాలుగు తిట్లు తిట్టి పంపేవాళ్ళు. ఈమె వాత కింద ఏముండేదో అడిగింది. పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి, మూర్ఛలొచ్చే బిడ్డల వాతలన్నీ చూసి, తల్లులందరినీ ఆ ఒక్క ప్రశ్నే అడిగింది. కుప్పం వైపు తమిళంలో అడిగేది, కన్నడంలో అడిగేది. తామే కాల్పించిన తల్లులు ఏడవకుండా ఉంటారా. ఆమె ఊరడించేది కాదు. "ఏడ్సినాంక చెప్పు. నేను యాడికీ పోను," అని కుర్చీలో కూర్చునేది.

అట్లా పోగుచేసిన సంగతులనే ఆమె పెద్ద పెద్ద డాక్టర్ల ముందు చెప్పింది, రాసింది. ఇప్పుడు మా వైపు టీకాలేసే నర్సమ్మలు మూర్ఛలు మొదలు కాకముందే చంటిబిడ్డ చొక్కా ఎత్తి చూస్తున్నారు. అది ఆమె పుణ్యమే.

రెండువేల సంవత్సరం దాటాక నాకు కూతురు పుట్టింది. తొడ మీద తెల్లమచ్చ. మా అత్త పొయ్యిలో కడ్డీ పెట్టేసింది. బిడ్డను లాక్కుని మదనపల్లె బస్సెక్కాను. డాక్టరమ్మ బిడ్డను చూశాక, నన్ను వెనక్కి తిరగమని నా వీపు మీద లైటు వేసింది.

"నీకూ ఉండాది. నీ నుంచే వచ్చింది. కొందరికి మచ్చతోనే నిలిచిపోతాది."

నా తప్పా అని అడిగాను.

"తప్పనే మాటకు ఈడ పని లేదు. మూర్ఛలు రావచ్చు. బిడ్డ ఒక్కసారి అదిరినా ఆ పొద్దే రా. మీ అత్తను అడగాల్సిన పని లేదు."

వచ్చాయి. ఆ పొద్దే పోయాను. ఆ పొద్దే మందు మొదలుపెట్టింది. కొన్నాళ్ళకు ఆగిపోయాయి. తోటి పిల్లల కంటే ఆలస్యంగానే అయినా నా కూతురు ఒకరోజు మేకను చూసి "మేక" అనింది. నేను వీధిలోనే కూలబడి ఏడ్చాను. మర్నాడు బిడ్డను తీసుకుపోయి డాక్టరమ్మ కాళ్ళకు దండం పెట్టబోతే ఆమె కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"నాకెందుకు? మీ పెద్దోని మీద నేర్చుకునింది దీనికి పనికొచ్చింది. వానికి పెట్టు."

ఇంత కఠినమైన మాట నాతో ఇంకెవరూ అనలేదు. ఇంత నిజమైన మాట కూడా ఎవరూ అనలేదు. ఆమె దగ్గర నాకు దక్కిన ఓదార్పు అదొక్కటే. దానికి ఆమెకు రుణపడి ఉన్నాను.

నర్సమ్మ ఫోన్ పెట్టేశాక కూతురికి చెప్పాను. అది "అన్నకు చెప్పినావా?" అని అడిగింది. వాడికేం తెలుస్తుందిలే అన్నాను. అది నా మాట వినలేదు. పోయి వాడి మంచం మీద కూర్చుని, డాక్టరమ్మ ఇక లేదని, ఆమె చేతులు వెచ్చగా ఉండేవని, తనను బాగా తిట్టేదని, మొదట్నుంచీ చెప్పుకుంటూ వచ్చింది. పాతికేళ్ళు దాటిన నా కొడుకు చెయ్యి చాపి, కదులుతున్న దాని పెదాల మీద వేళ్ళు పెట్టి తడుముతూ కూర్చున్నాడు. అది ఆ వేళ్ళు తీసెయ్యలేదు, చెప్పడం ఆపలేదు.