నత్తలకు మారు వడ్డన

వడ్డన చేయడంలో బంగారరాజుగారి పేరు అప్పనపల్లి మొదలుకొని కాట్రేనికోన వరకు ప్రసిద్ధం. పెళ్లిళ్లకు షామియానాలు, వంటపాత్రలు అద్దెకివ్వడం ఆయన జీవనాధారం. పంక్తిలో కూర్చున్నవారిని లేవలేని స్థితికి తీసుకురావడం ఆయన జీవితధ్యేయం. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టి వేడుకొనేవారి వేళ్ల సందుల్లోంచి నేతిని ధారగా పోయగల నేర్పరి ఆయన. ఒకసారి మగపెళ్లివారి మేనమామ పూర్ణం బూరెలకు జడిసి పారిపోతే, అరటితోట దాకా తరిమి మరీ నోట పెట్టి వచ్చారు.

"పరుగెత్తితే తిన్నది అరుగుతుంది కదండీ. అందుకే ఇంకోటి పెట్టేను" అని ఆయన వివరణ.

అటువంటి మనిషికి నత్తలను అప్పగించడం, అమలాపురంలో జంతుశాస్త్రం బోధించే హేమంత్ చేసిన పొరపాటు. కానీ అతనికి వేరే దారి లేదు. బంగారరాజుగారి ఊరి పంటకాలువలో గోధుమరంగు చారలతో రేగుపండంత నత్త ఒకటి ఉండేది. రొయ్యల చెరువులు పెరిగాక, రొయ్యల మేతకోసం వాటిని బస్తాలకెత్తి తీసుకుపోయారు. చుట్టుపక్కల కాలువలన్నీ గాలించిన హేమంత్‌కు ఇక్కడ మాత్రమే రెండు గుప్పెళ్లు దొరికాయి. అది తొంభైతొమ్మిది వేసవి. కాలువకు నీరు కట్టేసే సమయం దగ్గరపడింది. నీరు తీస్తే, ఏరేవారి చేతికి చిక్కని గుల్ల మిగలదు. తిరిగి నీరు వదిలే వరకు వాటిని దాచడానికి పెద్ద పాత్ర కావలసివచ్చింది.

"ఇత్తడి గంగాళం తోమించి ఇస్తానండీ. ఇంటికొచ్చిన చుట్టాలు కదా" అన్నారు బంగారరాజుగారు.

"ఇత్తడి వాటికి విషం బాబాయిగారూ. సత్తు గుండిగ చాలు. కాలువ నీళ్లు, పాచి పట్టిన రెండు రాళ్లు వేస్తాను. మీరింకేమీ పెట్టకండి."

"ఆయ్."

"ఏమీ అంటే ఏమీ వద్దండీ. ఇవి పోతే మళ్లీ తేవడానికి ఇంకెక్కడా లేవు."

"ఆయ్. నా ప్రాణం అడ్డేస్తానండీ."

ఆ మాట ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. అయితే మర్నాడు పొద్దున ఇడ్లీ ముందు కూర్చోగానే, వసారాలో రాళ్లు నాకుతున్న అతిథులు గుర్తుకొచ్చి ఆయనకు ముద్ద దిగలేదు. చిన్న ముక్క ఒకటి గుండిగలో వేశారు. మధ్యాహ్నం ముద్దపప్పు వేశారు. పప్పు పెట్టి కూర పెట్టకపోవడం మర్యాద కాదు గనుక, కూర కూడా వేశారు. సంగతి తెలిసి పొరుగింటి భవానీదేవిగారు పనసపొట్టు కూరతో వచ్చారు.

"వీళ్లు ఉప్పు తింటారా అన్నయ్యగారూ?"

"తినకూడదేమోనండీ."

"ఉప్పు లేకుండానే చేసేను లెండి."

కొద్దిరోజులకు నీరు తెల్లబడి పులిసిపోయింది. కొన్ని నత్తలు గుండిగ అంచు దాకా ఎగబాకి వరుసగా నిలిచాయి.

"చూసేవా సత్యవేణీ! మారు వడ్డనకి పంక్తి కట్టేరు!" అని ఆయన గరిటెతో పరుగున వచ్చారు.

ఆయన భార్య సత్యవేణి ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకొని లోపలికి తొంగిచూసింది. "పంక్తి కాదండీ, మీ బాధ పడలేక పారిపోతున్నారు. అడుక్కి చూడండి. మిగతావాళ్లు గుల్లల మూతలు బిగించేసేరు. అంటే విస్తరి మడిచేసినట్టే. మడిచిన విస్తట్లో వడ్డిస్తారేంటి?"

బంగారరాజుగారి చేతిలోని గరిటె ఆగిపోయింది. ఎంతటి మొండి వడ్డనైనా మడిచిన విస్తరి ముందు ఆగవలసిందే. ఆ నియమాన్ని ఆయన ఏనాడూ తప్పలేదు. నీటిలో చెయ్యి పెట్టి తీస్తే, అరచేతిలోకి కొన్ని ఖాళీ గుల్లలు వచ్చాయి. ఇంకెక్కడా లేవన్న హేమంత్ మాట అప్పటికి తలకెక్కింది.

దంపతులిద్దరూ కాలువ మడుగులో మిగిలిన నీటిని బిందెలతో మోసుకొచ్చి, గుండిగ కడిగి నింపారు. సాయంత్రానికి ఒక నత్త మూత తీసి మెల్లగా కొమ్ములు చాపింది. బంగారరాజుగారి కళ్లు చెమర్చాయి. ఆపైన తక్కినవీ మూతలు తీశాయి.

అసలు కష్టం తరువాత మొదలైంది. భవానీదేవిగారు గుమ్మడికాయ దప్పళంతో వచ్చారు. ఆయన గుండిగకు చేతులడ్డం పెట్టి, పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ అనని మాట అన్నారు.

"చాలండీ."

"మొహమాటపడకండి అన్నయ్యగారూ. ఒక్క గరిటె."

"చాలండీ, చాలు! ఇటివ్వండి, వాళ్ల తరఫున నేను తినేస్తాను."

వేసవి గడిచేసరికి ఆయన చొక్కా బొత్తాలు పట్టడం మానేశాయి. గుండిగలో మాత్రం జొన్నగింజలంత పిల్లనత్తలు రాళ్ల నిండా పాకాయి. జూన్‌లో నీరు వదలగానే హేమంత్ వచ్చి, వాటిని చూసి గంతులేశాడు. అందరూ కలిసి నత్తలను కాలువలో తూటిమొక్కల మొదళ్ల దగ్గర వదిలారు.

ఇంకా గట్టెక్కనైనా లేదు, ఎదురుగా అంజిబాబు, అతని బావ సైకిళ్లకు ఖాళీ బస్తాలు కట్టుకొని దిగారు. నత్తలు ఏరి రొయ్యల చెరువులకు అమ్మేవారు వారే. హేమంత్ ముఖం పాలిపోయింది. వాదించబోయిన అతన్ని బంగారరాజుగారు పక్కకు జరిపారు.

"ఎండనపడి వచ్చేరు. భోజనాలయ్యేయా?"

"లేదండీ."

"అయితే రండి బాబూ, రండి."

ఆ వేసవి అంతా అణచుకొన్న వడ్డన ఆ ఇద్దరి మీద ఒక్కసారిగా విరుచుకుపడింది. చాలా సేపటికి అంజిబాబు గోడ పట్టుకొని బయటికి వచ్చి, కాలువలో దిగి, నీటివైపు వంగబోయి, మళ్లీ నిటారుగా నిలబడ్డాడు.

"ఒంగలేకపోతున్నాను బావా."

"ఒంగకురా. ఒంగితే బయటికొచ్చేస్తది."

"పోనీ రేపు రండి. రేపు గారెలు, పులిహోర చేయిస్తాను" అన్నారు బంగారరాజుగారు.

అంజిబాబు బావ ముఖంలోకి చూశాడు. "ఈ ఊరి కాలువ మనకొద్దు బావా."

ఇద్దరూ ఎలాగో సైకిళ్లెక్కారు.

"మజ్జిగ తాగి వెళ్లండీ!" అని బంగారరాజుగారు చెంబుతో గట్టు మీదికి వచ్చారు. ఆ కడుపులతో అంత వేగంగా తొక్కగలరని అక్కడున్నవారెవరూ అనుకోలేదు.