పిన్ని బొబ్బర్లు

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ పిన్నిని ఎప్పుడు బజారుకి పిలిచినా ఒకటే మాట: "గింజల పని అవనీయే, వస్తాను."

ఆ పని అయ్యేది కాదు. వాళ్ల అత్తగారికి మతి తప్పింది. వర్క్‌షాప్ సైరన్ మోగితే చాలు, ఎప్పుడో పోయిన మొగుణ్ణి ఇంటికి తెస్తానంటూ పట్టాల వైపు నడిచేది. అందుకని పిన్ని ఎండు బొబ్బర్లు, తెల్లవీ ఎర్రవీ కలిపి, చేటలో పోసి ఆవిడ ముందు పెట్టేది. ముసలావిడ వేరు చేస్తూ కూర్చునేది. రెండు కుప్పలూ పూర్తయ్యేసరికి పిన్ని వాటిని వంటింట్లోకి తీసుకెళ్లి, మళ్లీ కలిపి తెచ్చేది.

"ఇయ్యి కొత్తయ్యా?" అని అత్త అడిగేది.

"కొత్తయ్యే అత్తా," అనేది పిన్ని, గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని.

ఏళ్ల తరబడి అవే గింజలు. ముసలావిడ మీద కాదుగాని, ఆ చేట మీద నాకు ఒళ్లు మండేది.

అత్తగారు పోయిన నెలకి వెళ్లాను. పొయ్యి మీద ఆ బొబ్బర్లే ఉడుకుతున్నాయి. పారబొయ్యడానికి మనసొప్పలేదట.

"రాత్రే నానేసినాను. పొద్దున్నెట్టినాను. పాతయి కదా, మెత్తబడ్డం లేదు."

"పొయ్యి ఆపేసి రా పిన్నీ. ఇప్పుడు నిన్ను పట్టుకునేదెవరు?"

నవ్వి, పొయ్యి ఆపి, చెప్పుల దాకా వచ్చింది. అంతలో సాయంత్రం సైరన్ మోగింది. పిన్ని గబుక్కున తలుపు గడియ పెట్టి, గుమ్మానికి అడ్డంగా పీట లాక్కుని కూర్చుంది.

సైరన్ ఆగాక కూడా లేవలేదు.