అడిగితే కాదంటడు గదన్నా

పటాన్‌చెరు ఫ్యాక్టరీ జట్ల క్రికెట్ గురించి ఫోన్‌లో రాసే ఒకాయన ఉండేవాడు. పోస్టు పెట్టిన ప్రతిసారీ ఫోన్‌ను చొక్కాకు తుడుచుకునేవాడు. పైన ఎంత తుడిచినా లోపలి మురికి అలాగే ఉండేది. నేను పాతికేళ్ళుగా విలేకరిని, నన్ను చదివేవాళ్ళూ పాతికమందే. ఆయన్ను మాత్రం ఈ ఫ్యాక్టరీల బెల్టంతా చూసేది.

ఒక ఆదివారం మందుల కంపెనీ జట్టు బౌలర్ రెండు ఓవర్లు వేసి వెళ్ళిపోయాడు. జట్టు ఓడిపోయింది. ‘మ్యాచ్ అమ్ముకొని పారిపోయిండు’ అని ఈయన అతని ఫొటోతో సహా పెట్టేశాడు. నిజానికి అతనికి రెండింటికి బీ షిఫ్ట్. ఆట మధ్యలో డ్యూటీకి పోవడం ఇక్కడ మామూలే.

“అతన్ని అడిగినవా?” అన్నాను.

“అడిగితే కాదంటడు గదన్నా,” అంటూ ఫోన్ తుడిచాడు. “షిఫ్ట్ సంగతి నాకెర్కనే. గది రాస్తే ఎవడు సూస్తడు?”

ఆయన ఇప్పించిన చాయ్ తాగి వచ్చేశాను.

మర్నాడు ఆ బౌలరే నా దగ్గరికొచ్చాడు. జట్టులోంచి తీసేశారట. జట్టులో ఉంటేనే అతని కాంట్రాక్టు పని పర్మనెంటయ్యేది.

“సార్, నేను డ్యూటీకే పోయిన అని మీ పేపర్ల జెర రాయుండ్రి.”

ఆఫీసుకు ఫోన్ చేశాను. మనం వేయని వార్తకు మనం సవరణ వేయకూడదని, అది పత్రికా ప్రమాణమని చెప్పారు. అదే ప్రమాణాన్ని నేను అతనికి గంభీరంగా వివరించాను.

అతను ఓపిగ్గా విన్నాడు.

“అయితే ఆ అన్ననే బతిమాలుకుంట సార్,” అని నా ముందే ఆయనకు ఫోన్ కలిపాడు.