కుళ్ళిన పండ్ల అల్లుడు

పండ్ల కొట్టాయనకి ఒకటే జబ్బు: కుళ్ళిన పండు పారేయలేడు. ఒకప్పుడు కొట్టు వెనకే పోగేసేవాడు. ఈమధ్య జబ్బు ముదిరి, మెత్తబడ్డ ఆపిల్ పండ్లూ చితికిన ద్రాక్షా బుట్టనిండా ఇంటికే మోసుకొచ్చి, పెరట్లో మేడ కిటికీ కింద పళ్ళెంలో పరుస్తున్నాడు. ఆ వాసనకి పొరుగువాళ్ళు కిటికీలు తీయడం మానేశారు.

"ఇవెందుకండీ మనకి?" అని భార్య ఎన్నోసార్లు అడిగింది.

"మెత్తబడిందని పారేస్తామా? రేపు మనమూ మెత్తబడతాం," అనేవాడు.

మొండితనంలో ఆయనకి సరిజోడు ఆ ఇంట్లో ఒక్కరే, మేడమీద ఉండే అత్తగారు. పెళ్ళినాడు "పండ్లమ్ముకునేవాడా" అని మూతి విరిచింది. ఆనాటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. అటు మాట ఇటు, ఇటు మాట అటు కూతురే మోయాలి. తుంటి విరిగి మంచమెక్కినా ఆవిడ పంతం సడలలేదు. సాయంత్రం కిటికీ ముందు గబ్బిలాలు తిరగడం చూడటమే ఆవిడకున్న కాలక్షేపం. అవి వస్తే నాలుగు ముద్దలు తింటుంది, రాకపోతే కంచం తోసేస్తుంది.

ఆకులు రాలే కాలం చివరికొచ్చింది. ఆడపడుచు వస్తోందని కబురు రాగానే ఇల్లాలి గుండెల్లో రాయి పడింది. మొగుడు కొట్టుకెళ్ళగానే పళ్ళెం ఖాళీ చేసి, గోడంతా ఫినాయిల్‌తో కడిగి, పీడ విరగడైందనుకుంది.

ఆ సాయంత్రం మేడమీద తల్లి కంచం ముట్టలేదు.

"ఇవాళ రాలేదే అవి."

"చలి కదమ్మా, ఎక్కడో ముడుచుకుని ఉంటాయిలే."

"నిన్న ఇంతకన్నా చలి. నిన్నొచ్చాయి."

కూతురు కిందికొచ్చేసరికి మొగుడు ఖాళీ పళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"కొంప ముంచావు కదే. చలికి పురుగులన్నీ పోయాయి. మిగిలిన ఆ కాసిని రెక్కల పురుగులూ ఈ కుళ్ళిన వాసనకే వస్తాయి, వాటికోసం గబ్బిలాలొస్తాయి. చలికాలం నిద్రకి పోయేలోగా అవి కడుపు నింపుకోవద్దూ?"

"గబ్బిలాలమీద మీకింత ప్రేమ ఎప్పటినుంచి?"

"వాటిమీద కాదు. మీ అమ్మ తినాలి కదా," అన్నాడు ఆయన చూపు తప్పించి. "ఆవిడకి మాత్రం చెప్పకు. నెత్తికెక్కి కూర్చుంటుంది."

ఇల్లాలికి నవ్వొచ్చింది, ఆయనమీద ప్రేమా పొంగింది. తనే కూర్చుని, ఆయన ఆరోజు తెచ్చిన ద్రాక్ష చిదిమి, ఫినాయిల్ వాసన పోయేలా గోడకి పూసింది.

మర్నాడు ఆడపడుచు ముక్కు మూసుకునే కబుర్లు చెప్పింది. చీకటి పడుతుండగా కిటికీ ముందు గబ్బిలాలు గిరికీలు కొట్టాయి. మేడమీద కంచం ఖాళీ అయింది.

తల్లి చేయి తుడుచుకుంటూ కూతుర్ని పిలిచింది.

"మీ ఆయనతో చెప్పు. ద్రాక్ష సరిగా కుళ్ళలేదు. రేపు ఇంకాస్త ముదిరినవి తెమ్మను."